ఒకే ఏడాదికి నాలుగు లోటు లెక్కలు

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో 2018 ఎన్నికల ముందు లిబరల్ ప్రభుత్వం బడ్జెట్ పెట్టి, 2018-19లో లోటు 670 కోట్ల డాలర్లని చెప్పింది. నెల తిరక్కముందే ఆడిటర్ జనరల్ బానీ లైసిక్ ఆ లెక్క సరికాదు, లోటు 1,170 కోట్లన్నారు. జూన్‌లో గెలిచిన కన్సర్వేటివ్‌లు వేసిన విచారణ కమిషన్ దాన్ని 1,500 కోట్లు చేసింది. తీరా ఖాతాలు మూసేసరికి తేలింది 740 కోట్లు. అందులో కొత్త ప్రభుత్వం సొంత నిర్ణయాలూ కలిశాయనుకోండి, అయినా 1,500 ఎక్కడ, 740 ఎక్కడ?

కూడికల్లో తప్పు లేదు. గొడవంతా దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గరే. టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ నిధుల్లోని మిగులును ప్రభుత్వ ఆస్తిగా చూపొచ్చా అన్నది ఒకటి. దీని మీద నిజాయితీపరులైన అకౌంటెంట్లు కూడా వాదించుకోగలరు. రెండోది కరెంటు బిల్లులు. వాటిని 25 శాతం తగ్గించి, అందుకు చేసే అప్పును బడ్జెట్ బయట, ప్రభుత్వ విద్యుత్ సంస్థ ద్వారా తెచ్చే ఏర్పాటు చేశారు. ఈ అడ్డదారి వల్ల 400 కోట్ల డాలర్ల దాకా అదనపు వడ్డీ పడుతుందని ఆడిటర్ ముందే చెప్పారు. దీన్ని సమర్థించడం నా వల్ల కాదు. కాళేశ్వరం కార్పొరేషన్ అప్పుల గొడవ చూసిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అసలు ఆ ఆడిటర్ నివేదిక ఎక్కణ్నుంచి వచ్చింది? 2003లో కన్సర్వేటివ్‌లు బడ్జెట్ సమతూకంగా ఉందని చెప్పి ఎన్నికలకు వెళ్లారు. ఓడిపోయాక మాజీ ఆడిటర్ ఎరిక్ పీటర్స్ లెక్క తీస్తే 560 కోట్ల లోటు బయటపడింది. గెలిచిన లిబరల్స్, పన్నులు పెంచబోమన్న మాట తప్పి, మరుసటి ఏడాదే ఆరోగ్య ప్రీమియం వేశారు. అయితే అదే ఏడాది ఒక మంచి చట్టమూ తెచ్చారు: ఎన్నికల ముందు ప్రభుత్వం ఆర్థిక నివేదిక ఇవ్వాలి, దాన్ని ఆడిటర్ పరిశీలించాలి. 2018లో ఆ చట్టమే వాళ్ల మెడకు చుట్టుకుంది.

దాంతో ఓటర్లంతా లెక్కలు చూసే ఓటేశారని కాదు. ఆదాయం, ఖర్చు పూర్తిగా లెక్కగట్టిన ప్రణాళిక ఇవ్వకుండానే డగ్ ఫోర్డ్ నాయకత్వంలోని కన్సర్వేటివ్ పార్టీ 124 సీట్లలో 76 గెలిచింది. మరోపక్క అక్కడి ఇంకో పెద్ద పార్టీ ఎన్‌డీపీకి (న్యూ డెమొక్రాటిక్ పార్టీ) 1990ల నాటి తమ నేత బాబ్ రే ప్రభుత్వ లోటు ఇప్పటికీ మచ్చే. ఆ రోజుల్లో ఆర్థిక మాంద్యం ఉందన్న సంగతి ప్రత్యర్థులు ఎత్తరు.

కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్ల లోటు ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిది. కోతలకు సాకు దొరుకుతుంది, హామీలు వాయిదా వేయొచ్చు. అందుకే గెలిచాక వచ్చే లెక్కను నేను సగమే నమ్ముతాను. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం శ్వేతపత్రంలో అప్పు 6,71,757 కోట్ల రూపాయలంది. బీఆర్‌ఎస్ స్వేదపత్రంతో తిప్పికొట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోనూ శ్వేతపత్రాలే. అన్నీ ఓట్లు పడ్డాక వచ్చినవే. కార్పొరేషన్ల అప్పులు కూడా కలిపి, కాగ్ పరిశీలించిన ఒక్క పేజీ లెక్క పోలింగ్‌కు నెల ముందు వచ్చేలా చట్టం తేవడానికి మన పార్టీల్లో ఏది ముందుకొస్తుంది?