కరెంటు పోయే క్లాసులో గణాంకాల పాఠం

2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తాక ఉక్రెయిన్ యూనివర్సిటీల్లో చదువు చాలావరకు ఆన్‌లైన్‌కు మారింది. ఆ అక్టోబరు నుంచి విద్యుత్ వ్యవస్థ మీద వరుసగా దాడులు జరగడంతో ఆ ఆన్‌లైన్ చదువుకూ గ్యారంటీ లేకుండా పోయింది. ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చి, ఇంటి నుంచే అక్కడి క్లాసులు విన్న మన మెడిసిన్ విద్యార్థులకు ఈ ఇబ్బంది కొంత తెలుసు.

ఇలాంటి టైములో స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్, అంటే కంప్యూటర్‌కు కమాండ్లు రాసి గణాంకాలు తేల్చే పని, నేర్పాలా? కచ్చితంగా నేర్పాలి. ఎంతమంది చనిపోయారో, ఎన్ని ఇళ్లు కూలాయో, సాయం ఎవరికి అందలేదో రేపు తేల్చాల్సింది ఈ విద్యార్థులే. కాకపోతే నేర్పే పద్ధతి మారాలి. బ్రౌజర్‌లో నడిచే నోట్‌బుక్‌లు (కోడ్ రాసి అక్కడే జవాబు చూసుకునే ఆన్‌లైన్ పేజీలు) మామూలు రోజుల్లో హాయి. నెట్ పోతే వాటితోపాటు పాఠమూ పోతుంది. గణాంకాల కోసం వాడే ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఆ బాధ లేదు. అది ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ప్యాకేజీలు (ఆర్‌కు జోడించే అదనపు ప్రోగ్రాములు), డేటా, పాఠం ఒక పెన్‌డ్రైవ్‌లో అందిస్తే బ్యాటరీ ఉన్నంతసేపూ పని సాగుతుంది. ప్రతి కమాండూ స్క్రిప్ట్ ఫైల్‌లో రాసి సేవ్ చేసే అలవాటుంటే, సైరన్ మోగి షెల్టర్‌లోకి పరుగెత్తినా, తర్వాత ఆ ఫైల్‌ను మళ్లీ నడిపించి పని అందుకోవచ్చు.

అంతకన్నా పెద్ద సంగతి డేటాలో ఉంది. ఆర్‌లో సగటు కట్టమంటే, కాలమ్‌లో ఒక్క విలువ లేకపోయినా జవాబు ‘ఎన్‌ఏ’ (విలువ లేదు) అని వస్తుంది. ఖాళీలను వదిలేయమని ఒక చిన్న ఆప్షన్ ఇస్తే చాలు, సంఖ్య వచ్చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇట్టే అలవాటైపోతుంది. యుద్ధంలో ఇది చాలా ప్రమాదం. యుద్ధంలో బాగా దెబ్బతిన్న ఉక్రెయిన్ నగరం మరియుపోల్ నుంచి సమాచారం సరిగా రాలేదంటే, అక్కడ జరిగిన విధ్వంసమే దానికి కారణం. ఆ వరుసలు తీసేస్తే మిగిలేది తక్కువ దెబ్బతిన్న ఊళ్ల సగటు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తాను నిర్ధారించుకున్న పౌర మరణాల సంఖ్య చెబుతూ, అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువని హెచ్చరించేది ఇందుకే.

లక్ష జనాభాకు ఎందరు చనిపోయారని లెక్కేద్దామన్నా చిక్కే, అసలు జనాభా ఎంతో తెలియాలి కదా. స్వతంత్ర ఉక్రెయిన్‌లో జనాభా లెక్కలు జరిగింది ఒక్కసారే, 2001లో. ఆ తర్వాత లక్షల మంది దేశం దాటిపోయారు.

అందుకే సగటు కట్టడానికి ముందు, ఏ జిల్లాలో ఎన్ని విలువలు లేవో, ఎందుకు లేవో విద్యార్థి చేత పట్టిక వేయించాలి. సగం మార్కులు ఆ పట్టికకే ఇవ్వాలి.