వాసన రాని వంశోద్ధారకులు

సింథటిక్ డ్రగ్స్ మీద, అంటే ల్యాబులో రసాయనాలతో చేసే మత్తు మీద కుర్రకారుకు అంత మోజెందుకని ఊళ్లో పెద్దలంతా తలలు పట్టుకుంటున్నారు. సినిమాలంటారు, సెల్‌ఫోనంటారు, బెంగళూరు స్నేహాలంటారు, ఏమీ తోచకపోతే గోవా అంటారు. ఇవన్నీ అభాండాలు. బెజవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో పుట్టిన పిల్లాడు ఆ మాత్ర మింగడానికి అసలు కారణం పెంపకం. మంచి పెంపకం.

మన ఇళ్లలో వ్యసనాన్ని పట్టే యంత్రం ఒక్కటే, అమ్మ ముక్కు. కొడుకు రాత్రి గుమ్మంలో అడుగు పెట్టగానే "ఏదీ, ఊదు" అంటుంది. సిగరెట్ అక్కడే దొరికిపోతుంది. మందైతే లిఫ్టులో ఉండగానే దొరుకుతుంది. గంజాయి సంగతి చెప్పేదేముంది, రెండో అంతస్తులో ముట్టిస్తే అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఐదో అంతస్తు నుంచి లుంగీతోనే దిగొస్తారు. (అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే వాళ్ల తనిఖీ సాయంత్రం ఏడింటికే మొదలు.) ఇన్ని సోదాల మధ్య పెరిగినవాడు ఇంటి పరువు నిలబెట్టాలంటే ఏం చేయాలి? వాసన లేనిది వెతుక్కోవాలి. వెతుక్కున్నాడు. దాన్ని మనం చెడిపోవడం అంటున్నాం.

సరదా అనే పీరియడ్ వాడి టైంటేబుల్‌లో ఏనాడూ లేదు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్, ఇంటర్‌లో హాస్టల్, ఆదివారం వీక్లీ టెస్టు. ఇంజినీరింగ్ అయ్యాక ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు, ప్యాకేజీ ఎంతని అడిగారు. అలాంటివాడికి ఆనందం కూడా క్రాష్ కోర్సులోనే కావాలి. శనివారం రాత్రి మొదలుపెడితే సోమవారం లాగిన్‌లోపు సిలబస్ అయిపోవాలి.

పైగా వాళ్లకు సైన్సంటే ఎంత నమ్మకమో చూడండి. ఎక్‌స్టసీ మాత్రల్లో ఉండే ఎండీఎంఏ 1912లో జర్మనీలోని మెర్క్ కంపెనీలో పుట్టింది, రక్తస్రావం ఆపే మందు కోసం వెతుకుతుంటే మధ్యలో తగిలిన పదార్థం. మెఫెడ్రోన్ అనే ఇంకో మత్తు పొడి 1929 నాటిది, మన మాదకద్రవ్యాల చట్టం జాబితాకెక్కింది మాత్రం 2015లో. ఒక పేరు జాబితాకెక్కేలోగా అణువులో ఒక కొస కత్తిరించి, ఇంకో కొస అతికించి కొత్త పేరుతో వదులుతారు. అమెరికాలో జాన్ హఫ్‌మన్ అనే ప్రొఫెసర్ పరిశోధన కోసం చేసుకున్న, గంజాయిలా పనిచేసే సరుకును ఎవరో ఎండుటాకుల మీద చల్లి, అగరుధూపమని పేరుపెట్టి, "మనుషులు వాడరాదు" అని ముద్రకొట్టి మరీ అమ్మారు. మనుషులే కొన్నారు. పాల ప్యాకెట్ మీద తేదీ చూసేవాళ్లింటి బిడ్డ, అమ్మేవాడికే పేరు తెలియని పొడిని నాలుక మీద వేసుకుంటున్నాడు. ఒంట్లో వేడి పెంచే గుణం ఎండీఎంఏది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, బెజవాడలో, అది మింగడానికి ఎంత ఓర్పు కావాలి!

చట్టం మాత్రం ఈ నాజూకుతనాన్ని గుర్తించింది. గంజాయి 20 కిలోలు దాటితే పడే శిక్ష ఎండీఎంఏ 10 గ్రాములు దాటగానే పడుతుంది, కనీసం పదేళ్లు. చొక్కా జేబులో పట్టే పదేళ్లు. అదే చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ కూడా ఉంది. అలవాటుపడి, కొద్ది మోతాదుతో దొరికినవాడు తనంతట తానే ప్రభుత్వ గుర్తింపున్న చోట వైద్యానికి వచ్చి, అది పూర్తి చేసుకుంటే కేసు నుంచి మినహాయింపు. ఈ ముక్క చెవిన వేస్తే తెలిసిన పెద్దాయన ఒకరు నన్ను వింతగా చూశారు.

"బాగానే చెప్పారండీ. ఆ సెంటర్ ముందు మా కారు ఎవరి కంటైనా పడితే?"

అందుకని ఆయన కొడుక్కి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. కుర్రాడి బయోడేటా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. బీటెక్, అయిదడుగుల పదంగుళాలు, తెనాలి దగ్గర మూడెకరాల మాగాణి, సిగరెట్, మందు అలవాట్లు లేవు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.