వీరి గురించి వీరే

తెలుగులో తొలి కథ 1902లో భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ అనా, 1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’ అనా అని పెద్దలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తొలి ‘రచయిత పరిచయం’ ఎవరిదన్న సంగతి మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు. సాహిత్య చరిత్రలో ఇంత పెద్ద లోటు ఉందని, పన్నెండుమంది కథకుల సంకలనానికి సంపాదకుడినైన తరవాత గాని నాకు తెలిసిరాలేదు.

మా పుస్తకం డెమ్మీ సైజు, పదకొండు ఫారాలు. ఫారానికి పదహారు చొప్పున 176 పేజీలు. అందులో పరిచయాలకు 4 పేజీలు వదిలాను. మనిషికి అయిదారు వాక్యాలు చాలుననుకోవడం నా అజ్ఞానం. గవర్నరుపేట సందులో డీటీపీ చేసే అమ్మాయి అన్నీ కొట్టి చూస్తే 20 పేజీలు తేలాయి. ప్రూఫులు చేతికిస్తూ, “అన్నింటిలోకీ బుడమేరు కథ బాగుందండీ” అంది. కథలు కొట్టింది ఆమె కాదు, అంతకు ముందున్న కుర్రాడు. ఆమె చదివినవి పరిచయాలే.

ఆమె అభిరుచిని నేను తప్పుపట్టను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు తమ మూడు నవలల రాతప్రతులు వరదపాలయ్యాయని మా కథకులొకరు రాసుకున్నారు. తడిసిన కాగితాలను ఒక్కొక్కటే తీగ మీద ఆరేసిన ఘట్టం చదివితే ఎంతటివారికైనా కళ్లు చెమర్చాలి. ఆయన నివాసం గుంటూరు బ్రాడీపేటలో, రెండో అంతస్తు. బుడమేరు కృష్ణానదిని దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి, మెట్లెక్కి, ఏరి ఏరి మూడు నవలలనే ఎందుకు తడిపిందని నేను అడగలేదు. కథకుడిని భూగోళం అడగడం మర్యాద కాదు.

పరిచయం రాయడం కథ రాసినంత తేలిక కాదు. కథలో ‘నేను’ అంటే సరిపోతుంది. పరిచయంలో మాత్రం తన గురించి తాను ‘వీరు’ అనుకోవాలి. ‘వీరి కలం నుంచి జాలువారిన’ అని రాస్తున్నప్పుడు ఆ కలం తన చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోగలగాలి. ఇది యోగసాధన వంటిది. మా వాళ్లలో ఎనిమిదిమందికి అది సిద్ధించింది. ఒకరు మరీ ముందుకు వెళ్లి, ‘వీరు నిగర్వి, ప్రచారానికి దూరంగా ఉంటారు’ అన్న వాక్యాన్ని లావు అక్షరాలలో వేయమన్నారు.

‘అముద్రితాలు’ అన్న శీర్షిక కింద మరొకరు పద్నాలుగు పుస్తకాల పేర్లు ఇచ్చారు. అచ్చయినవాటికి సమీక్షకులు వంకలు పెడతారు, చెదలు పడతాయి, లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణాలలో తూకానికి దొరుకుతాయి. అచ్చుకానివాటికి ఈ బాధలేవీ లేవు. పద్నాలుగింటినీ ఉంచాను. కుర్రకారు సంగతి వేరు. ‘వాన అంటే ప్రాణం, మౌనంతో మాట్లాడతాను’ అని ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, అక్షరం పొల్లు పోకుండా పంపారు. మే నెలలో బెజవాడలో కాపురం చేసేవారికి వాన అంటే ప్రాణం కాక మరేమిటి!

ఫొటోల దగ్గర కొంత ఇబ్బంది కలిగింది. ఒకాయన పుస్తక మహోత్సవంలో తీయించుకున్న గుంపు ఫొటోలోంచి తనను మాత్రం కత్తిరించి ఇచ్చారు. భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. బంగారు రంగు గడియారం, చిటికెన వేలికి పగడపు ఉంగరం. ఆ చేతిని తుడిచేయమంటారా అని డీటీపీ అమ్మాయి ఫోను చేస్తే ఆయన కంగారుపడిపోయారట. ఫొటోలో ముఖ్యం ఆ చెయ్యేనట.

ఇక ఖర్చు సంగతి. ప్రెస్సు యజమాని పన్నెండో ఫారానికి కాగితం డబ్బు ముందే ఇమ్మన్నారు. మా దగ్గర లేదు. పదకొండుమంది తలా మూడు వేలు వేసుకున్న పుస్తకం ఇది. డబ్బిచ్చిన మనిషి పరిచయంలో ఒక్క శాలువా తగ్గించినా పాపం. కనుక కథలలోనే పదహారు పేజీలు తగ్గాలి.

పన్నెండో ఆయనది మంగళగిరి. కథ బాగుందని మేమే అడిగి తీసుకున్నాం, వాటా అడగలేదు. వానాకాలంలో మగ్గం గుంతలోకి నీళ్లు ఊరితే నేత ఆగిపోతుంది. ఆ ఇంటి ఆడమనిషి తెల్లవారకముందే లేచి, పడుగు తడవకుండా, చెంబుతో ఆ నీళ్లు తోడిపోస్తూ ఉంటుంది. పొద్దెక్కేసరికి మళ్లీ ఊరుతాయి. కథంతా ఇంతే. వరద లేదు, నవలలు కొట్టుకుపోలేదు. సరిగ్గా పదహారు పేజీలు, ఫారానికి ఫారం. ఇది దైవికం కాకపోతే మరేమిటి?

నేను ఫోను చేసి చెబితే ఆయన, “సరేనండీ, మగ్గం మీద ఉన్నాను, మళ్లీ మాట్లాడతాను” అన్నారు. మళ్లీ మాట్లాడలేదు.

ఆయన పరిచయాన్ని మాత్రం తీయలేదు. మేమంత కఠినులం కాము. ‘మాది మంగళగిరి. మగ్గం నేస్తాను, కథలు రాస్తాను.’ చివరి పేజీ అడుగున ఆ కాస్త జాగా ఖాళీగానే ఉంది, అక్కడ సర్దాం. ఆఖరి ప్రూఫు తిప్పుతూ డీటీపీ అమ్మాయి అక్కడ ఆగింది.

“ఈయన కథ ఏదండీ?”

అముద్రితం అని వేయమన్నాను.