పథ్యం పేరుతో పస్తులు

మొదటి షిఫ్టు అయిపోయే వేళకు తిరుపతిలో డయాలసిస్ కేంద్రం బయట బెంచీల మీద టిఫిన్ డబ్బాలు తెరుచుకుంటాయి. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి చీకటితో బస్సెక్కి వచ్చినవాళ్లు. నాలుగు గంటలు మిషన్‌కు అతుక్కుని లేచిన మనిషికి ఆ డబ్బాలో ఉండేది పల్చటి చారన్నం, ఇంత సొరకాయ కూర. పప్పు ఉండదు, గుడ్డు ఉండదు. ఎందుకమ్మా అంటే, ‘యూరిక్ యాసిడ్ ఎక్కువుందన్నారు, అన్నీ మాన్పించేశాం’ అంటారు ఇంటివాళ్లు. ప్రేమతోనే మాన్పిస్తారు. ఆ ప్రేమే రోగిని నీరసపరుస్తోందన్న సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

యూరిక్ యాసిడ్ ఒంట్లో తయారయ్యే ఒక వ్యర్థం. అందులో మూడింట రెండు వంతులు బయటికి పంపేది కిడ్నీలే. అవి పనిచేయనప్పుడు, మిషన్ ఎక్కేముందు తీసిన రక్తంలో అది కాస్త ఎక్కువగా కనిపించడం వింతేమీ కాదు. ఆరోగ్యవంతుల్లో ఎక్కువైతే గౌట్ అనే కీళ్లనొప్పులు వస్తాయి, గుండె జబ్బులతోనూ దానికి సంబంధం కనిపించింది. కానీ మిషన్‌తో రక్తం శుద్ధి చేయించుకునే హీమోడయాలసిస్ రోగుల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. ఆరు దేశాల్లో 4,600 మందికి పైగా రోగుల వివరాలతో 2011లో వెలువడిన అధ్యయనంలో యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవారికే మరణ ముప్పు తక్కువగా తేలింది. మాంసకృత్తులు తక్కువగా తినేవారిలో యూరిక్ యాసిడ్ కూడా తక్కువుంటే ముప్పు మరింత ఎక్కువని ఆ తర్వాతి పరిశోధనలూ చెప్పాయి.

అంటే యూరిక్ యాసిడ్ మందులా కాపాడుతోందని కాదు. ఆ అంకె తక్కువుందంటే మనిషి సరిగా తినడం లేదేమో, కండ కరిగిపోతోందేమో అని అనుమానించాలి. పెంచాల్సింది అంకెను కాదు, చూడాల్సింది కంచంలోకి. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. కడుపులో ద్రవం నింపి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌లో ఫలితాలు వేరుగానూ వచ్చాయి. గౌట్ ఉన్నవారికి వైద్యం తప్పదు. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపేయకూడదు.

అసలు పొరపాటు పథ్యం దగ్గర జరుగుతోంది. కిడ్నీలు దెబ్బతింటున్న రోజుల్లో, డయాలసిస్ ఇంకా మొదలుకాకముందు, మాంసకృత్తులు తగ్గించమని డాక్టర్లు చెబుతారు. ఆ మాట ఇంట్లో గట్టిగా నాటుకుపోతుంది. డయాలసిస్ మొదలైన రోజే ఆ పథ్యం మారాలి. ప్రతి సిట్టింగ్‌లోనూ మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలు ఒంట్లోంచి గ్రాముల కొద్దీ మిషన్‌లోకి వెళ్లిపోతాయి. అందుకే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. చారన్నంతో ఈ లెక్క ఎక్కడ తెగుతుంది? గుడ్డు ముట్టని ఇళ్లు తిరుపతిలో చాలా ఉన్నాయి. వాళ్లకు పప్పు, పెరుగు, పనీర్‌లతోనే సర్దాలి. పొటాషియం, ఫాస్ఫరస్ హద్దు దాటకుండా అలా సర్దడం ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. డైటీషియన్ కూర్చుని, ఈ ఇంట్లో సంగటి ఎంత, పప్పు ఎంత అని విడమరిచి చెప్పాలి.

ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్యసేవలో డయాలసిస్ ఉచితంగా చేయిస్తోంది, నెలకు రూ.10 వేల పింఛను ఇస్తోంది. ఇది చిన్న సాయమేమీ కాదు. ఆ సాయం రోగి ఒంటికి పట్టాలంటే తిండి గురించి చెప్పే మనిషి కూడా కావాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ప్రతి డయాలసిస్ కేంద్రానికీ వారంలో కొన్ని రోజులైనా డైటీషియన్ రావాలి. ఆ ఖర్చును ప్యాకేజీలోనే కలపాలి. డయాలసిస్ రోజున గుడ్డో, దానికి సరిపడా శాకాహారమో కేంద్రంలోనే పెట్టాలి. మిషన్ మీద తింటే బీపీ పడిపోయేవారికి దిగాక పెట్టవచ్చు.

రిపోర్టులో యూరిక్ యాసిడ్ పక్కన నల్లగా అచ్చయిన గుర్తు చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు. రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఎంతుందో, మూడు నెలల్లో ఒంటి బరువు ఎంత తగ్గిందో అడిగేవారు అరుదు. వచ్చే షిఫ్టుకు వెళ్లేటప్పుడు, రోగి వారం రోజులుగా పూటపూటా ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసి, ఆ రిపోర్టుతో పాటు డాక్టరు ముందు పెట్టండి.