శ్రీయుత కిలోగ్రాము గారి దివ్యసముఖానికి

అయ్యా,

తమరి చిరునామా దొరకక ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను. 1889 నుంచి తమరు పారిస్ పక్కన సెవ్ర్‌లో, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు కూడా లేని ప్లాటినం-ఇరిడియం దిమ్మ రూపంలో, గాజు మూతల కింద కొలువై ఉండేవారు. 2019 మే 20న ఆ కొలువు ఎత్తేసి తమరిని ప్లాంక్ స్థిరాంకం అనే భౌతికశాస్త్రపు అంకెలో కలిపేశారు. అంటే నిరాకారులయ్యారన్నమాట. నమ్మమంటారా? మెల్‌బోర్న్‌లో మా గరాజ్‌కి వచ్చి చూడండి, ఎంత సాకారంగా ఉన్నారో.

చిన్నప్పుడు మనకు గొడవలు లేవు. తెనాలి కూరగాయల బజారులో తమరంటే 900 గ్రాములే. అమ్మ "కాస్త మొగ్గుగా తూచవయ్యా" అంటే పైన రెండు పచ్చిమిరపకాయలు పడేవి, లెక్క సరిపోయేది. అంత సర్దుకుపోయే మనిషి ఆస్ట్రేలియా వచ్చేసరికి ఇంత కచ్చితం ఎలా అయ్యారండీ?

విషయానికొస్తాను. నేను కొన్నది 1990 నాటి మాజ్దా ఎమ్‌ఎక్స్-5, రెండే సీట్లున్న, టాప్ మడిచే స్పోర్ట్స్ కారు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన మోడలు. దాన్ని తయారు చేయించిన హిరాయ్ తొషిహికో పెట్టుకున్న సూత్రం 'జింబా ఇట్టై', అంటే గుర్రమూ రౌతూ ఒక్కటైపోవాలని. 1.6 లీటర్ల ఇంజను, సుమారు 115 హార్స్‌పవర్. పిల్లల్ని స్కూల్లో దింపే కార్లు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటేసి పోతాయి. మలుపులొస్తే మాత్రం కథ వేరు. కారణం, ఇందులో తమరి బంధువర్గం తక్కువ. తూకం వేయిస్తే 955 మందే తేలారు.

ఆ ధైర్యంతోనే దీన్ని టార్మాక్ ర్యాలీ కారు చేద్దామనుకున్నాను. మామూలు తారు రోడ్డునే మూసేసి, కార్లను ఒకదాని తర్వాత ఒకటి వదిలి, గడియారంతో పోటీ పెట్టించే ఆట అది. ఇంజను జోలికి వెళ్లొద్దు, తమరిని తగ్గిస్తే చాలన్నారు పెద్దలు. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ దగ్గర్నుంచి ఈ మతంలో అందరూ అదే జపం.

ఇంట్లో ఎయిర్‌పోర్టు బ్యాగులు తూచే వేలాడే తూకం ఉంది. 23 కిలోలు దాటితే టెన్షన్ పడే జాతి కదా మనది, అది లేని తెలుగు ఇల్లుండదు. దాని కొక్కేనికి తగిలించి ఒక్కో భాగం తూచాను. ఏసీ మొత్తం 17. పాత సీట్లు రెండూ కలిపి 30. మడత టాప్ 18. కార్పెట్లు, స్పీకర్లు, స్పేర్ చక్రం, జాకీ, డిక్కీలో దొరికిన ఎవరిదో గొడుగు. ఒక్కోటి గోడకు చేరుతుంటే పథ్యం చేసి ఒళ్లు తగ్గించుకున్నంత సంబరం.

అన్నిటికన్నా మజా నేలకు అంటించిన తారుతో. చప్పుడు రాకుండా ఫ్యాక్టరీలో వేస్తారు, ఉలితో గీకినా రాదు. దానికి డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) వైద్యం. గరాజ్ తలుపులు బార్లా తీసి, గ్లౌజులు వేసుకుని, ముక్కలు ఆ తారు మీద పరవాలి. తెల్లటి పొగ నేల మీద పాకుతుంది. పది నిమిషాలాగి సుత్తితో చిన్న దెబ్బ వేస్తే వేరుశనగ పట్టీ విరిగినట్టు పెళపెళా లేచొస్తుంది. ఆ సాయంత్రం నేను ఏరిన ముక్కలు నాలుగు కిలోలు. సంచిలో వేసి మా ఆవిడకు చూపించాను. "దీనికోసమా ఆదివారమంతా?" అంది.

లెక్క చూస్తే కారు 845కి దిగింది. తమరిలో 110 మందిని గెంటేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు రూల్స్ పుస్తకం తెరిచాను.

ముందు రోల్ కేజ్, అంటే కారు పల్టీ కొట్టినా లోపలి మనుషుల్ని కాచే ఉక్కు పంజరం. తల వెనక నిలిచే పెద్ద కమాను 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న అతుకులేని ఉక్కు గొట్టం. 42 కిలోలు. దాని మీదికి హార్డ్‌టాప్ అనే గట్టి పైకప్పు, 21. ఢీకొన్నా చెదరని సీట్లు, వాటి బ్రాకెట్లు, 24. మంటలార్పే సిలిండర్లు 9, ఆరు పట్టీల బెల్టులు 5. ఇంజను కింద గార్డు, ఇంటర్‌కామ్, ప్రథమ చికిత్స పెట్టె కలిపి ఇంకో 6. కూడండి, 107. గెంటేసిన వాళ్లలో ముగ్గురు తప్ప అందరూ పెట్టే బేడా సర్దుకుని తిరిగొచ్చారు. అయిన ఖర్చును ఆ మూడుతో భాగించి చూశాను. వచ్చిన అంకె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, తమరూ చెప్పకండి.

కేజ్ మీద మాత్రం అలగలేను. సిసిలీలోని టార్గా ఫ్లోరియో అనే పాత రోడ్డు పందెం స్ఫూర్తితో 1992లో మొదలైన టార్గా టాస్మేనియా ఇక్కడ తారు ర్యాలీలకు పెద్దన్నగా ఉండేది. 2021లో అక్కడ ముగ్గురు, 2022లో ఒకరు పోయారు. సర్క్యూట్లో తప్పితే పక్కన ఇసకో టైర్ల గోడో ఉంటుంది. కొండ రోడ్డులో ఉండేది యూకలిప్టస్ చెట్టు. అందుకే ఆ 42 మందికి వంగి దణ్ణం పెట్టే లోపలికెళ్తున్నాను. నిజంగానే వంగాలి లెండి. ముందు ఎడమ కాలు, తర్వాత నడుము, చివర్లో తల. దిగేటప్పుడు ఈ వరసంతా వెనక్కి.

ఇంకో తప్పు కూడా చేశాను. ట్రాక్ కార్లను చూసి గట్టి స్ప్రింగులు వేసి, కారును నేలకు దించాను. తేలిక కారు కదా, మొదటి గతుక్కే చక్రం రోడ్డు వదిలేసింది. గాలిలో ఉన్న టైరుకు బ్రేకూ ఒకటే, స్టీరింగూ ఒకటే, ఏదీ వినదు. మెత్తటి స్ప్రింగులు వేసి మళ్లీ ఎత్తు పెంచాకే దారికొచ్చింది. కానీ న్యాయం చెప్పుకోవాలి: పెద్ద దిగుడులో బరువైన టర్బో కార్ల బ్రేకులు పొగలు కక్కుతుంటే, మావి వాసన కూడా రాలేదు. అక్కడ తమరు లేని లోటు ఎంత బాగుందో!

చివరికి నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి చూసే రోజొచ్చింది. నా పక్కన నోట్స్ చదివేది మా బావమరిది. మలుపుకో నంబరు, ఒకటంటే బాగా మెలిక, ఆరంటే దాదాపు తిన్నగా. వాడి నోట్స్ సగం తెలుగు. "బావా, ఎడమ మూడు, లోపల బెరడు పడుంది, కోయకు!" అని అరుస్తాడు. కోయడమంటే మలుపు లోపలి అంచు మీదుగా అడ్డంగా పోవడం. గొంతు బంగారం, బరువు 94. తూకం చూసిన మెకానిక్ మర్యాదస్తుడు, కారు గురించే మాట్లాడాడు. "ఇంకో పది కిలోలు తగ్గించొచ్చు" అని మాత్రం అన్నాడు. ఎక్కడ అని నేను అడగలేదు. బావమరిదేమో సీటు పట్టాల వైపు చూశాడు.

ఇట్లు,
తమ భారాన్ని మోస్తున్న
ఒక ఎమ్‌ఎక్స్-5 యజమాని

తా.క.: మా ఆవిడ వచ్చే నెల ఇండియా వెళ్తోంది. బ్యాగుల తూకం ఎక్కడుందని రెండు రోజులుగా వెతుకుతోంది. కొక్కేనికి ఇంకా తారు అంటుకునే ఉంది. గోరుతో గీకుతున్నాను. డ్రై ఐస్ అయిపోయింది.