గోడ మీది బొమ్మ, గుమ్మం బయట మనం

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు చేరే జనాన్ని చూస్తే, ఈ ఊరికి కళాభిరుచి లేదనడానికి నోరు రాదు. ఆ బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ నిలబడతారు. ఆ తర్వాత అందరూ ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గరికి కదులుతారు. అదే మ్యూజియంలో ఆధునిక భారతీయ చిత్రాల గ్యాలరీ కూడా ఉంది. అక్కడ మాత్రం నడుస్తూనే చూస్తాం, చూస్తూనే దాటేస్తాం.

మ్యూజియం గడప దాటి సమకాలీన చిత్రాల దగ్గరికొస్తే ఈ బెరుకు ఇంకా పెరుగుతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లలోని ప్రైవేటు గ్యాలరీల్లో సాధారణంగా టికెట్ ఉండదు. అయినా అద్దాల తలుపు తోయడానికి చెయ్యి రాదు. కొనకుండా చూసి వెళ్తే ఏమనుకుంటారో! ‘మనకేం అర్థమవుతుందిలే’ అనే మాట ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. పాటకు రాగం పేరు తెలియకపోయినా తల ఊపే మనం, బొమ్మ దగ్గరికొచ్చేసరికి పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతాం.

తప్పు చూసేవాళ్లది మాత్రమే కాదు. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లోని ఆడవాళ్లది అచ్చంగా తెలంగాణ పల్లె. ఆ పెద్ద బొట్టూ, ఎర్రచీరా, భుజం మీద చిలకా ఏ కరీంనగర్ అమ్మమ్మకైనా చుట్టరికమే. చిన్నప్పుడు ఊళ్లో ఆడవేషం కట్టిన నాటకాల మగవాళ్లను చూసిన ముచ్చట కూడా ఆ రూపాల్లో కలిసిందని ఆయనే చెప్పుకున్నారు. కానీ అలాంటి బొమ్మ పక్కన గోడకంటించిన చీటీ చాలాసార్లు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అందులోనూ ‘అన్‌టైటిల్డ్’, కొలతలు, సంవత్సరం. అమ్మమ్మ వచ్చినా తన బొమ్మ గురించి తాను చదువుకోలేదు.

ఒక్క తెలుగు చీటీ ఎంత పని చేయగలదో మరో చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగుల (లోహపు రేకు మీద గీసి తీసే అచ్చుబొమ్మల) ముందు నిలబడితే తెలుస్తుంది. మేకలు, చెట్లు, మనుషులు ఒకరిలోంచి ఒకరు మొలుచుకొచ్చినట్టుండే ఆ నలుపు తెలుపు లోకం పెన్నుతో గీసింది కాదు. లోహపు రేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీకి, ఆమ్లంలో ముంచుతారు. గీకినచోట ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, రేకు పైభాగం తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో లాగితే బొమ్మ దిగుతుంది, అదీ అద్దంలో చూసినట్టు తిరగబడి. కింద పెన్సిలుతో 5/25 అని ఉంటే, తీసిన 25 అచ్చుల్లో అది అయిదోదని లెక్క. ఇంత తెలిశాక ఆ గీతను దాటిపోవడం కష్టం. మెడ ముందుకు వంగుతుంది. మగ్గాల మీద చీరలు నేసేవాళ్లున్న మన ఊళ్లలో చేతిపనిని మెచ్చుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. అది చేతిపనేనని చెప్పేవాళ్లు కావాలి.

ఆ చెప్పేపనిలో పత్రికలుగా మేమూ వెనకబడ్డాం. ప్రదర్శన మొదలైతే జ్యోతి వెలిగించే ముఖ్య అతిథి ఫొటో వేస్తాం. వెనకాల గోడ మీది బొమ్మలో సగానికి ఆయన తలకాయే అడ్డం. వేసినవారి పేరు చివరి వాక్యంలో, ఒక్కోసారి తప్పుగా. సినిమా విడుదలైన పూటే సమీక్ష రాసేవాళ్లం, పది రోజులు గోడ మీదుండే బొమ్మకు పది వాక్యాలు కేటాయించం.

పది రోజులైపోతే ఆ బొమ్మ మళ్లీ ఎక్కడ కనిపిస్తుందన్నది అసలు చిక్కు. జాతీయ ఆధునిక కళా గ్యాలరీ ఢిల్లీలో 1954లో మొదలైంది. ముంబైకి 1996లో, బెంగళూరుకు 2009లో వచ్చింది. హైదరాబాదుకు రాలేదు. పి.టి. రెడ్డి, కాపు రాజయ్య, సూర్యప్రకాశ్ లాంటి చిత్రకారుల నుంచి నేటి యువతరం దాకా వరసగా ఒకే చోట ఏడాది పొడవునా చూసే వీలు తెలుగువాళ్లకు లేదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరిట గోదావరి దగ్గర ఒక గ్యాలరీ నిలిచింది కాబట్టే, 27 ఏళ్లకే 1925లో వెళ్లిపోయిన ఆ చిత్రకారుడి రంగులు ఇవాళ్టి బడిపిల్లలకు కనిపిస్తున్నాయి. ఆ గోడలు లేకపోతే ఆయన పోటీపరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నగా మిగిలేవాడు.

శాశ్వత భవనానికి నిధులు, స్థలం, ఏళ్లూ పడతాయి. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు ఆ పని తలకెత్తుకోవాల్సిందే. ఈలోగా తమ ఆవరణల్లో జరిగే ప్రతి ప్రదర్శనలోనూ తెలుగు చీటీ తప్పనిసరి చేయడానికి ఒక ఉత్తర్వు చాలు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఖాళీ దొరికే ఆదివారాల్లోనూ, మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు దాటాకా గ్యాలరీ తెరిచి ఉండేట్టు చూస్తే మరీ మంచిది. ప్రారంభోత్సవం నాడు గేటు ముందు కట్టే ఒక్క ఫ్లెక్సీ ఖర్చుతో లోపలి గోడలకు నలభై చీటీలు అచ్చవుతాయి.