ఫెరారీ కళ్లు తెరిపించిన హోండా

స్పోర్ట్స్ కార్లలో ఫెరారీ 348 గొప్పదా, హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ గొప్పదా? 1990 నాటి ఈ పంచాయితీ కార్ల ప్రియుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. నా లెక్కలో అది ఎప్పుడో తేలిపోయింది. గెలిచింది హోండానే.

ఫెరారీ అభిమానుల వాదన తెలిసిందే. ఆ ఎరుపు, ఆ వీ8 ఇంజిన్ మోత, రేసుల్లో సంపాదించిన పేరు ముందు జపాన్ కారు ఎక్కడ ఆనుతుందంటారు. పవర్‌లోనూ ఫెరారీదే పైచేయి: 300 హార్స్‌పవర్, హోండాకు 270 చిల్లర. ఒప్పుకుంటాను. కానీ 348లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తాన్ని కిందికి దించాలి. కొన్నేళ్లకోసారి మార్చక తప్పని భాగం అది. దాన్ని అలా బిగించినవాళ్లు కారు కొన్నవాడి గురించి ఒక్క క్షణమైనా ఆలోచించారా?

హోండా వాళ్లు ఆలోచించారు. డ్రైవర్‌కు రోడ్డు బాగా కనబడాలని డ్యాష్‌బోర్డు కిందికి దించారు, అద్దం పక్కన స్తంభాలను సన్నగా చేశారు. బరువు తగ్గించడానికి బాడీ మొత్తం అల్యూమినియంతో కట్టారు. అంతకన్నా నన్ను కదిలించేది 1989 ఫిబ్రవరి నాటి సంగతి. జపాన్‌లోని సుజుకా రేస్ ట్రాక్ మీద ఫార్ములా వన్ చాంపియన్ అయర్టన్ సెన్నా ఈ కారు నమూనా నడిపి, బాడీ బలహీనంగా అనిపిస్తోందన్నాడు. అప్పటికే ఏళ్ల తరబడి శ్రమించిన ఇంజినీర్లకు ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుంది! అయినా వాళ్లు వాదనకు దిగలేదు. కారును జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌కు తీసుకెళ్లి, మళ్లీ మళ్లీ పరీక్షించి, బాడీ దృఢత్వాన్ని దాదాపు 50 శాతం పెంచారు.

ఫలితం అందరూ చూశారు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కార్ సృష్టికర్త గోర్డన్ ముర్రే తన కారు నడిచే తీరుకు ఎన్‌ఎస్‌ఎక్స్‌నే కొలమానంగా పెట్టుకున్నాడు. 1991 చివర్లో ఫెరారీ పగ్గాలు చేపట్టిన మాంటెజెమోలో కూడా 348 తనను నిరాశపరిచిందని దాచుకోలేదు. 348 తర్వాత 1994లో వచ్చిన ఎఫ్355లో ఫెరారీ టైటానియం కనెక్టింగ్ రాడ్లు (ఇంజిన్‌లో పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీలు) వాడింది. వాటిని హోండా నాలుగేళ్ల ముందే ఎన్‌ఎస్‌ఎక్స్‌లో పెట్టింది.

వాడేవాడు తప్పు చూపిస్తే వినడం ఇంజినీరింగ్‌లో సగం పని. మన దగ్గర కొరవడింది అదే. కొత్త ఫ్లాట్‌లో గోడ చెమ్మెక్కిందని చెబితే బిల్డర్‌కు కోపం. యాప్ పనిచేయడం లేదంటే మీ నెట్‌వర్క్ చూసుకోండంటారు. ఏటా వేల మంది ఇంజినీర్లను తయారుచేస్తున్న మన కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవాతో ముగిసిపోతోంది. దాన్ని నిజంగా వాడేవాడి చేతిలో పెట్టి, అతను ఏం తప్పు పట్టాడో రాసుకొచ్చే విద్యార్థులు ఎందరు? ముందు ఆ తప్పుల జాబితాకు, తర్వాత వాటిని సరిదిద్దినందుకు మార్కులు వేయండి. వైవా ఆ తర్వాత పెట్టుకోవచ్చు.